ఆలోచన వచ్చింది, మాట రాలేదు: ఒక సండే స్కూలు టీచరు కేసు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. రాసింది చదివి రెండు చోట్ల దిద్దింది కూడా. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. నేను గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ సంఘానికి పాస్టర్ని. కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేసి 11 ఏళ్లుగా సంఘంలోనూ బయటా ఈ పని చేస్తున్నాను. డాక్టర్ని కాను. ఆ సంగతి ఈ కేసులో నాకు కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఆమె చెప్పిన బాధ

ఆమెకు 36 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో ఎస్జీటీ. భర్తది ఎలక్ట్రికల్ షాపు. ఒక పాప, ఒక బాబు. మా సంఘంలో సండే స్కూలు చిన్న తరగతి చాలాకాలంగా ఆమెదే. పిల్లలకు కంఠత వాక్యం పట్టుబట్టి నేర్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

కిందటేడాది ఆగస్టులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, "అయ్యగారూ, ఇక నేను బల్ల తీసుకోనండి" అంది. బల్ల అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజన సంస్కారం. ఎందుకమ్మా అంటే ఏడుపు. పావుగంట పోయాక విషయం బయటికొచ్చింది. జూన్‌లో సంస్కారపు ఆదివారం, గిన్నె పెదవులకు తగలబోతుండగా, యేసయ్య మీద ఒక బూతు మాట మనసులో మెరిసిందట. ఆమె ఇంట్లో ఎవరూ వాడని మాట, ఎప్పుడో బస్టాండులో చెవినపడ్డ మాట. అదేమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ వారంలోనే ఫోన్లో ఒక ప్రసంగం వింది. పరిశుద్ధాత్మను దూషిస్తే క్షమాపణ లేదన్న మార్కు 3:29 మీద. ఇక చూసుకోండి. మోకరిస్తే ఆ మాట, బైబిలు తెరిస్తే ఆ మాట, సిలువ కనపడితే ఆ మాట. వచ్చిన ప్రతిసారీ "యేసయ్యా క్షమించు" అని 7 సార్లు అనాలి. మధ్యలో ఎవరైనా పిలిచినా, కుక్కర్ కూత వేసినా లెక్క తప్పినట్టే, మళ్లీ మొదటినుంచి. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయినా కదలకుండా నిలబడిన రోజులున్నాయని భర్త చెప్పాడు.

దీని వెనకే ఇంకో భయం. మనసులో వచ్చిన మాట తనకు తెలియకుండా పైకి అనేసిందేమోనని. అందుకే బళ్లో పాఠం చెబుతూ చెబుతూ చేత్తో నోరు మూసుకునేది. ఇంటికొచ్చాక తొమ్మిదేళ్ల కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకునేది.

"నాన్నా, ఇందాక వంటింట్లో నేనేమైనా అన్నానా?"

"లేదమ్మా."

"సరిగ్గా విన్నావా?"

"విన్నా. నువ్వేం అనలేదు."

ఒట్టు వేయించకూడదు గనుక "నిజంగానా?" అని నాలుగైదు సార్లు అడిగేదట. వాడు హోంవర్కు మీద నుంచి తలెత్తకుండానే "నిజంగా" అనేవాడు.

ఆగస్టు వచ్చేసరికి సండే స్కూలు మానేసింది. పాటలు పాడటం మానేసింది. చివరికి ఆమెన్ అనడం కూడా. ఆమెన్ అనే క్షణంలో ఆ బూతు వస్తే, దానికే ఆమెన్ అన్నట్టవుతుందని భయం.

బంధువుల్లో ఒకాయన దయ్యమన్నాడు. వేరే ఊళ్లో ఉపవాస కూటానికి తీసుకెళ్తే తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు గద్దించారట. ఇంటికొచ్చాక ఆ మాటతోపాటు గద్దించినవాళ్ల కేకలు కూడా చెవుల్లో తిరిగాయి. అత్తగారిది మంచి మనసే. "నాకు జబ్బు అని నోటితో అనకు. నోటి మాటే ఫలిస్తుంది. స్వస్థపడ్డానని ఒప్పుకో, చాలు" అని రోజూ చెప్పేది.

నేను చేసిన తప్పు

భక్తిగల మనిషి, వాక్యం తెలిసిన మనిషి, వాక్యంతోనే సర్దుకుంటుంది అనుకున్నాను. ఒక అట్టముక్కకు ఒకవైపు 2 కొరింథీయులకు 10:5, "ప్రతి ఆలోచనను క్రీస్తుకు లోబడునట్లు చెరపట్టి" అన్నది రాసి, రెండోవైపు ఫిలిప్పీయులకు 4:8 రాసిచ్చాను. సత్యమైనవి, మాన్యమైనవి, పవిత్రమైనవి ఏవో వాటి మీదే ధ్యానముంచమని చెప్పే వచనం. చెడ్డ మాట వచ్చినప్పుడల్లా యేసు నామంలో గద్దించి ఈ అట్ట చదువుకోమన్నాను. ఎన్నిసార్లు వచ్చిందో ఒక నోటుబుక్కులో గీతలు పెట్టమన్నాను.

టీచరు కదా, శ్రద్ధగా పెట్టింది. మొదటి రోజు 38 గీతలు. మూడో వారం చివరికి 200 దాటాయి. నిద్ర రాత్రికి 3 గంటలు. అట్టముక్క మడతలు పడి, అంచులు నల్లబడి, చేతి చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. నాకు రోజుకు ఇరవై దాకా వాయిస్ మెసేజ్‌లు. "అయ్యగారూ, ఇప్పుడొచ్చింది, కానీ గద్దించేలోపు ఒక్క క్షణం ఆలస్యమైంది, ఆ క్షణం ఒప్పుకున్నట్టేనా?" ప్రతిదానికీ నేను ఓపిగ్గా "కాదమ్మా, దేవుడు క్షమించాడు" అని జవాబు పెట్టాను. నా ఓపికకు నేనే మురిసిపోయాను. తొమ్మిదేళ్ల పిల్లాడు చేస్తున్న పనే నేనూ చేస్తున్నానని తట్టలేదు.

ఒక మాట మనసులోకి రాకూడదని కాపలా కాయాలంటే, కాపలావాడికి ఆ మాట గుర్తుండాలి కదా. నేను ఆమెకు ఇచ్చిన పని అదే. పొద్దస్తమానం ఆ బూతును గుర్తుపెట్టుకునే పని.

పైగా వచనాన్ని వాడిన తీరూ సరికాదు. కొరింథీయులకు రాసిన ఆ అధ్యాయంలో పౌలు తన అధికారాన్ని ప్రశ్నించేవాళ్లతో మాట్లాడుతున్నాడు. అదే వాక్యంలో అంతకుముందున్న మాట "వితర్కములు". ఆలోచన అన్నచోట గ్రీకులో ఉన్నది నోయెమా. అదే పత్రికలో 2:11లో ఆ మాటే సాతాను "తంత్రములు" అని తెలుగులోకి వచ్చింది. కూర్చుని అల్లిన వాదం, పన్నిన పన్నాగం అన్నమాట. బస్సు కిటికీలోంచి మొహాన పడే దుమ్ము సంగతి కాదు. ఇది సెమినరీలో చదువుకున్నదే. అట్టముక్క మీద రాసేటప్పుడు వచనం గుర్తొచ్చింది, చదువు గుర్తు రాలేదు.

ఆస్పత్రి వరండాలో

నాలుగో వారం నిద్ర గురించి అడుగుతూ, చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా అని సూటిగా అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది పాస్టర్లకు భయం. పుట్టించం. అడగకపోతేనే ప్రమాదం. ఆమె జవాబు: "చచ్చిపోతే నరకమే కదా అయ్యగారూ, అందుకే బతికున్నా."

ఆ సాయంత్రమే భర్త షాపుకు వెళ్లాను. "మందులంటే మరి విశ్వాసం లేనట్టే కదండీ అయ్యగారూ" అన్నాడు. నేను వాక్యం చెప్పబోయి ఆగాను. ఆ వారమంతా వాక్యాలు చెప్పీ చెప్పీ నాకే చేదెక్కింది. ఆమెకు లోపల ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు చెప్పాను: అందరికీ పనికిరాని ఆలోచనలు వస్తాయి, పోతాయి, ఈమెకు మాత్రం ప్రతి ఒక్కటీ ప్రమాద ఘంట మోగిస్తోంది. అతను కాసేపు కౌంటరు మీది వైరు ముక్కలు సర్దుతూ ఉండి, "అంటే లోడు లేకపోయినా ఎంసీబీ ట్రిప్ అవుతోందన్నమాట" అన్నాడు. అంతే. మర్నాడు షాపు మూసి బయల్దేరాడు.

గుంటూరులో సైకియాట్రిస్టు ముందు కూర్చున్నాక పది నిమిషాల పాటు ఆమె ఒకటే మాట: "నాకేం లేదండి, స్వస్థపడ్డాను." ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు, విశ్వాసపు ఒప్పుకోలు. జబ్బని నోటితో అంటే జబ్బు ఖాయమైపోతుందని అత్తగారు నేర్పిన లెక్క. డాక్టరుగారు నా వైపు చూశారు. ఆయన్ని ఐదు నిమిషాల టైము అడిగి ఆమెను వరండాలోకి తీసుకొచ్చాను.

అక్కడ బల్ల మీద కూర్చోబెట్టి నా ఫోన్లో 88వ కీర్తన తెరిచిచ్చి, మనసులో కాదు, పైకి చదవమన్నాను. పక్కన ఎవరో సెలైన్ సీసా పట్టుకుని నడుస్తున్నారు. ఆమె గొంతు పెగల్చుకుని చదివింది. ఆ కీర్తనలో మిగతా విలాప కీర్తనల్లాగా చివర్లో తేరుకోవడం ఉండదు. హెబ్రీలో దాని ఆఖరి మాట చీకటి. చదవడం అయ్యాక, "అయ్యగారూ, దేవుడితో ఇలా కూడా అనొచ్చా?" అంది. అనొచ్చు, అన్నవాడి మాటల్ని దేవుడు తన పుస్తకంలో పెట్టుకున్నాడు అన్నాను. లోపలికి వెళ్లి అంతా చెప్పింది, ఆ బూతు మాట ఒక్కటి తప్ప.

నోటిని విశ్వాసానికి లోబరచడం గురించి మన కూటాల్లో చాలా చెబుతాం. చాడీలు వద్దు, తిట్లు వద్దు, నెగటివ్ మాటలు వద్దు. మొదటి రెండూ వాక్యమే. మూడోది ఎక్కడినుంచి వచ్చిందో గానీ, ఎఫెసీయులకు 4:25 పొరుగువానితో సత్యమే మాట్లాడమంటుంది. ఒళ్లు కాలిపోతున్నవాడు జ్వరం లేదనడం సత్యం కాదు. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. ఆ బోధ వల్ల ఆమె డాక్టరు దగ్గరికి రావడం ఆలస్యమైంది. నావల్ల ఇంకో మూడు వారాలు.

ఆమె మనసులో మెరిసే మాటకూ, ఆమె పడుతున్న బాధకూ డాక్టరుగారు పెట్టిన పేరు ఓసీడీ, అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. పదేపదే చేతులు కడుక్కోవడమే ఓసీడీ అని మనవాళ్ల అభిప్రాయం. దైవదూషణ ఆలోచనలుగా, పాపభయంగా వచ్చేదీ ఉంది. దాన్ని స్క్రూప్యులాసిటీ అంటారు. లాటిన్‌లో వాడిగా ఉండే చిన్న రాయి అన్న మాట నుంచి పుట్టింది. చెప్పులో దూరిన పలుగురాయి అనుకోండి. గొంతులు వినపడటం లేదు, ఆ మాట తన మనసులోనిదేనని ఆమెకు తెలుసు, అదంటే ఆమెకు అసహ్యం. ఈ మూడూ చూసి డాక్టరుగారు ఇది భ్రమ జబ్బు కాదని తేల్చారు. సెర్ట్రాలిన్ రాశారు. ఓసీడీలో ఈ మందు గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, మధ్యలో మానొద్దు అని రెండుసార్లు చెప్పి సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ప్రశ్న అడగడం మానిపించడం

సైకాలజిస్టుగారు క్రైస్తవురాలు కాదు. ఆమె చేసే చికిత్సను ఈఆర్‌పీ అంటారు. భయపెట్టేదాని ఎదుట నిలబడాలి, భయం తగ్గించుకోవడానికి అలవాటుగా చేసే పని మాత్రం చేయకూడదు. నేను ముందే అడిగేశాను: "అంటే ఆ బూతు ఆమెతో అనిపిస్తారా?" ఆవిడ నవ్వి, "మీ విశ్వాసం పాపమన్నదేదీ చేయించనండి. ఆమె భరించాల్సింది బూతును కాదు, ఏమవుతుందో తెలియకపోవడాన్ని" అన్నారు. ఆ మాట నేను రాసుకున్నాను.

ముగ్గురం కూర్చుని పనులు అనుకున్నాం. మార్కు 3:29 పైకి చదివి, క్షమించమని అడగకుండా వెళ్లి గిన్నెలు తోమడం. ప్రార్థన సగంలో కుక్కర్ కూత వస్తే లేచి స్టవ్ ఆపి, మళ్లీ మొదలుపెట్టకుండా ఆపినచోటి నుంచే కొనసాగించడం. ఆ మాట మనసులో ఉండగానే ఆమెన్ అనడం. మొదటిసారి ఆమెన్ అన్నప్పుడు చేతులు వణికి పాటల పుస్తకం కింద పడింది. తీయలేదు. పాట అయ్యేదాకా అలాగే ఉంచింది.

నా వంతు పని మాటల మీద. ఆమె ఆలోచనల జోలికి ఇక నేను పోలేదు. ఆమె అడిగే ప్రశ్నను పట్టుకున్నాం. ఆ ఇంట్లో దారి తప్పిన మాట ఏదైనా ఉంటే అది ఎవరూ వినని ఆ బూతు కాదు. "నేను పాపం చేశానా?" అన్న ప్రశ్న. రోజుకు యాభైసార్లు, కొడుకుని, భర్తని, నన్ను. క్షమాపణ అడుగుతున్నట్టు కనపడుతుంది గానీ నిజానికి క్షమాపణ నమ్మకుండా ఉండటానికి అది సాధనం.

ఒప్పందం ఇది. కొడుకుని అసలు అడగకూడదు. భర్తని అడిగితే అతను "నేను చెప్పను, టీ పెట్టుకుందాం రా" అనాలి. నన్ను గురువారం సాయంత్రం 5 గంటలకు ఒక్కసారి అడగొచ్చు, నేను ఒకే మాట అంటాను: "దానికి జవాబు ఆదివారం వింటావమ్మా." ఆదివారం మా ఆరాధన క్రమంలో అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చెబుతాం, పాస్టరు క్షమాపణ ప్రకటిస్తాడు. ఒక్కసారే. ఎవరికీ మళ్లీ విడిగా చెప్పరు. చిన్నప్పటి నుంచి అలవాటుగా చదివేసే ఆ నాలుగు వాక్యాలు చికిత్సకు ఇంత పనికొస్తాయని నేను అనుకోలేదు. మఠంలో ఉన్న రోజుల్లో, మా సంఘాలకు ఆ పేరు తెచ్చిన మార్టిన్ లూథరే గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికొచ్చి ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వెళ్లేవాడు, గురువు స్టౌపిట్జ్‌కి విసుగొచ్చేదాకా. ఈ సంగతి చెబితే ఆమె ఆ ఏడాదిలో మొదటిసారి నవ్వడం చూశాను.

మొదటి వారాలు నరకం. భర్త పదేపదే టీ పెట్టలేక అలిసిపోయాడు. నాకూ జవాబివ్వకుండా ఉండటం కష్టమైంది. ఏడుస్తూ అడిగిన మనిషికి ఓదార్పు మాట చెప్పకపోవడం పాస్టరు చేతికి రాని పని. రెండుసార్లు నేనే ఒప్పందం తప్పి "కాదులే అమ్మా" అనేశాను.

వాక్యం గురించి ఆమె వాదించకుండా ఊరుకోలేదు. అందుకని ఒక్క గంట, ఒక్కసారి, అన్నీ మాట్లాడి మూసేద్దామన్నాను. "మోహపు చూపు చూస్తేనే వ్యభిచారమన్నాడు కదా యేసయ్య, మరి ఆలోచన పాపం కాదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. అక్కడున్నది మోహించడానికే చూసే చూపు, కంటపడటం కాదు అన్నాను. మార్కు 3:30 చదివించాను. యూదుల ధర్మశాస్త్రం బోధించే శాస్త్రులు ఎదురుగా జరిగిన స్వస్థతలు చూసి కూడా, ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని పైకి, నిర్ణయంగా అన్నారు గనుకనే యేసు ఆ హెచ్చరిక చేశాడని ఆ వచనమే చెబుతోంది. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉన్న సన్యాసి ఎవాగ్రియస్, ఆలోచనలు వచ్చి కలవరపెట్టడం మన చేతిలో లేదు, వాటిని నిలుపుకోవడమే మన చేతిలో ఉంది అని రాశాడు. ఆమెకు వీటన్నిటికంటే బాగా పట్టింది జాన్ బన్యన్ యాత్రికుడి కథ. పిల్లలకు తనే చెప్పిన కథ. మరణఛాయ లోయలో ఒక దుష్టుడు వెనకగా వచ్చి యాత్రికుడి చెవిలో దైవదూషణలు గుసగుసలాడతాడు. అతనేమో అవి తన మనసులోంచే వచ్చాయనుకుని కుమిలిపోతాడు. బన్యన్‌ది స్వానుభవం. క్రీస్తును అమ్మేయమని తన మనసులో మోగే మాటతో ఎంత నలిగిపోయాడో 1666లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు. "ఆ ఘట్టం పిల్లలు భయపడతారని నేనెప్పుడూ దాటేసేదాన్ని అయ్యగారూ" అంది.

ఆ గంట చివర్లో పాత అట్టముక్క వెనక్కి తీసుకున్నాను. ఫిలిప్పీయులకు 4లో నేను 8వ వచనం రాసిచ్చాను గానీ దాని పైనున్న 7వ వచనం రాయలేదు. దేవుని సమాధానం "మీ హృదయములకును మీ తలంపులకును కావలి యుండును." తలంపులు అన్నచోట ఉన్నది మళ్లీ అదే నోయెమా. కావలి ఉద్యోగం ఆమెది కాదని రాసున్న వచనాన్ని వదిలేసి, తర్వాతి వచనంతో ఆమెను కావలికి నిలబెట్టాను. కొత్త అట్ట మాత్రం ఇవ్వలేదు. ఇస్తే దాన్నీ ఏడుసార్లు చదువుతుంది.

మధ్యలో ఒక దెబ్బ

నవంబరు చివరికి బాగా తేరుకుంది. నిద్ర 6 గంటలకు వచ్చింది. సండే స్కూలుకు మళ్లీ వచ్చింది. ఇది చూసి సంఘంలో ఒకరు క్రిస్మస్ కూటంలో స్వస్థత సాక్ష్యం చెప్పమన్నారు. నాకు తెలియదు. మాత్రలు వేసుకుంటూ స్వస్థపడ్డానంటే అబద్ధమవుతుందని, సాక్ష్యం నిజం కావడానికి ఆమె మాత్రలు మానేసింది. పైగా రాత్రుళ్లు కేరల్స్, నిద్ర లేదు. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆమె భర్త ఫోన్ చేసేసరికి మళ్లీ ఎసరు పొంగుతోంది, ఆమె స్టవ్ ముందు నిలబడి ఉంది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టి, జనవరి అంతా తిరిగి మొదటి మెట్టు నుంచి రావాల్సి వచ్చింది. ఆ సాక్ష్యం అడిగినవాళ్లను నేను మందలించలేదు. మందులు వాడుతున్నవాళ్లు కూడా దేవుడికి కృతజ్ఞతలు చెప్పొచ్చని పుల్పిట్ మీద నుంచి నేనెప్పుడూ చెప్పి ఉండకపోవడం నా లోపం. ఇప్పుడు చెబుతున్నాను, పేర్లు లేకుండా.

ఈ మంచి శుక్రవారం, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోది మాట్లాడటానికి ఆమెకు ఇచ్చాం, ఆమే అడిగింది. "నా దేవా, నా దేవా" అన్న మాట. ఐదు నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఒకచోట ఆగింది. చెయ్యి నోటి దాకా లేచి, గాల్లోనే ఆగి, మైకు స్టాండు మీదికి దిగింది. ఆ బూతు అప్పుడు వచ్చిందని తర్వాత తనే చెప్పింది. కూర్చున్నాక నా వైపు చూసింది, ఆ ప్రశ్నే కళ్లల్లో. నేను ఐదో మాట ఎవరిదో కాగితంలో చూసుకున్నాను.

ఇప్పుడు ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో ఆమెకూ తెలియదు, గీతలు పెట్టడం లేదు. మందు కనీసం ఇంకో ఏడాది అన్నారు డాక్టరుగారు. గురువారం 5 గంటలకు ఫోన్ కొన్ని వారాలు వస్తుంది, కొన్ని వారాలు రాదు.

తేలనిది ఒకటుంది. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె వంటింట్లో నాకు మంచినీళ్లు తెస్తూ చేతిలో గ్లాసుతో ఒక్క క్షణం ఆగింది, ఎందుకో. ఏమీ అడగలేదు. చాప మీద కూర్చుని బొమ్మకు రంగులేస్తున్న బాబు తలెత్తకుండానే, "నువ్వేం అనలేదమ్మా" అన్నాడు. వాణ్ణి అడగడం మానేసి ఏడు నెలలు. మా ఒప్పందంలో ఆమె ప్రశ్నకు నియమాలు పెట్టాం, వాడి జవాబు సంగతి ఎవరం ఆలోచించలేదు. సెలవులు ఇవ్వగానే సైకాలజిస్టుగారి దగ్గర వాడికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.